అడిగి తెప్పించుకున్న ఇల్లు

ఆదోనిలో మా పెద్దమ్మ ఇంటికి నన్ను తీసుకెళ్ళిన రోజు నా వెంట ఒక గుడ్డమూట మాత్రమే వచ్చింది. రెండు లంగాలు, రెండు జాకెట్లు, ఒక దువ్వెన. ఇంకేమైనా పెట్టమంటే అమ్మ మంచంలోంచే కసిరింది. "నాలుగు దినాలకు ఇంగేం కావాలమ్మే నీకు?" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాలుగు దినాలంటే నాలుగు దినాలే అనుకునే వయసు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేసేవాడు. ఆ తొలకరికి అమ్మ మా తమ్ముణ్ణి కని, కాన్పు జ్వరంతో మంచం పట్టింది. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. ఆదోనిలో పత్తి ప్రెస్సుకు దగ్గర్లో ఉండేది. పెద్దనాయన ఆ ప్రెస్సులోనే బేళ్ళు కట్టే పని చేసేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. అమ్మ లేచి తిరిగేదాకా నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచుతామని నాతో చెప్పారు. నాయన నన్ను బస్సులో తీసుకొచ్చి, పెద్దమ్మ చేతిలో పెట్టి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. మగ్గం మీద పని మిగిలిపోయిందేమో అనుకున్నాను. చిన్నతనంలో పెద్దవాళ్ళ తరఫున సాకులు కూడా మనమే వెతికిపెడతాం.

ఆ ఇంట్లో నన్ను మొదట బాధపెట్టింది చప్పుడు లేకపోవడం. మా ఇంట్లో తెల్లవారితే మగ్గం మోగాల్సిందే. మగ్గం పలక పడినప్పుడల్లా గూట్లో గిన్నెలు సన్నగా అదిరేవి. పెద్దమ్మ ఇంట్లో పొద్దున ప్రెస్సు కూత ఒకసారి వినిపించేది, అంతే. పెద్దనాయన వెళ్ళిపోయాక ఇక పెద్దమ్మ చీపురు చప్పుడే. ఎంత ఊడ్చినా గడపలోకి పత్తి పీచు వచ్చి చేరేది. ఆమె కూడా అంతే పంతంగా ఊడ్చేది.

నాకు చేతినిండా పని అలవాటు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు మా ఇంట్లో రాట్నం మీద నేనే చుట్టేదాన్ని. నాది పుర్రచేతి వాటం. అన్నం ఎడమచేత్తో ముట్టుకుంటే అమ్మ వీపు మీద ఒకటి చరిచేది. నాయన మాత్రం నా కోసం రాట్నాన్ని అటుదిటు తిప్పి, పిడి ఊడదీసి ఎడమవైపుకు బిగించాడు. "తినేదానికి కుడిసెయ్యి ఉంటే సాలు, పనికి యా సెయ్యైతేనేం" అన్నాడు. వీధిలో అలాంటి రాట్నం ఇంకొకటి లేదు. ఎవరైనా పిల్లలు వచ్చి తిప్పబోయి, చెయ్యి తిరగక వదిలేసేవారు. నాకు అంత గర్వం మళ్ళీ జీవితంలో దేనికీ కలగలేదు. నేను చుట్టిన కండె నడుమ తెగదని నాయన వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు.

పెద్దమ్మ చెడ్డదని నేను చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే నా తల ఆమె దువ్వినంత ఓపికగా అమ్మ ఏనాడూ దువ్వలేదు. పొద్దున్నే బొరుగులతో ఉగ్గాని చేసి, అందులో వేయించిన పప్పులపొడి నాకొక పిడికెడు ఎక్కువ చల్లేది. ఇత్తడి పళ్ళెం తోమి తోమి మెరిపించి, అందులో నాకు అన్నం పెట్టేది. ఆ పళ్ళెంలోనే నాకు తిండి సహించేది కాదు. అన్నం నలుమూలలకూ పరుచుకుపోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. మా ఇంట్లో నాకొక సత్తు గిన్నె ఉండేది. ఒకవైపు నొక్కుకుపోయి, బొటనవేలు సరిగ్గా ఆ సొట్టలో కూర్చునేది. పెద్దమ్మ నా చేతివేళ్ళను చూసి కనిపెట్టింది. "ఏం పాపా, యాడో పోగొట్టుకున్నట్ల ఎతుకుతాండావు?" అని అడిగింది. గిన్నె సంగతి చెప్పాను. "దానికేం భాగ్యం, తెప్పిస్తాలే" అంది.

నెలన్నర గడిచాక అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని పొద్దుటి బస్సుకు వస్తోందని కబురొచ్చింది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అమ్మ లేచింది, తిరుగుతోంది, ఏకంగా బస్సే ఎక్కుతోంది. ఇక నన్ను తీసుకెళ్ళడమే మిగిలింది. మూట కట్టేసుకున్నాను కూడా. పెద్దమ్మ ఆ మూట చూసింది. నన్ను పెరట్లోకి పిలిచి, ముందర కూర్చోబెట్టుకుని, జడ వేస్తూ చెప్పింది.

"మీ అమ్మ ఇంగా పచ్చి బాలింత. నువ్వు ఏడిస్తే ఆమె ఏడుస్తాది. తల్లి ఏడిస్తే పాలు ఇంకిపోతాయి. ఆ సంటోనికి ఇంగేం దిక్కు సెప్పు?"

"మరి నేను ఇంటికి ఎప్పుడు పోవాల?"

"ఆ మాట అడిగినా ఏడ్సినట్లే. అడగొద్దు. నీకు ఏమన్నా వస్తువు కావాల్నంటే అది అడుగు. అడిగితే సంతోషపడతాది."

పాలు ఇంకిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మా వీధిలో ఒక ఇంట్లో తల్లికి దిగులు పట్టి పాలు పోయాయి. మేకపాలు పట్టి చూశారు. బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డను గుడ్డలో చుట్టుకుని తీసుకుపోవడం నేను మా గడపలో నిలబడి చూశాను. అందుకని పెద్దమ్మ జడ ముడి వేసేలోపే నేను లేచి వెళ్ళి, నా మూట విప్పేసి, బట్టలు మళ్ళీ పెట్టెలో సర్దేశాను.

అమ్మ వచ్చింది. చిక్కి సగమైపోయింది. తమ్ముడు ఒడిలో పాలు తాగుతూనే ఉన్నాడు. వాడి బుగ్గలు కదులుతున్నాయా లేదా అని నేను వాడినే చూస్తున్నాను.

"ఎట్లుండావు పాపా?"

"బాగుండానమ్మా."

"ఏమన్నా కావాల్నా?"

"నా సత్తు గిన్నె కావాల."

అమ్మ నవ్వింది. "ఇంగేం వద్దా?" అంది. వద్దన్నాను. బస్సుకు లేచే ముందు మళ్ళీ అదే మాట అడిగింది, "నిజంగానే ఇంగేం వద్దా?" అని. నేను పళ్ళు బిగించి తల అడ్డంగా ఊపాను. అమ్మ అన్నిసార్లు అడిగి నా నుంచి ఏం రాబట్టాలనుకుంటోందో నాకు అర్థం కాలేదు. నా కళ్ళ ముందు తమ్ముడి బుగ్గలే ఉన్నాయి.

తర్వాతి నెలలో గిన్నె వచ్చింది. ఆ రోజు తిన్నంత అన్నం నేను ఆ ఇంట్లో అంతకుముందు తినలేదు. బొటనవేలు సొట్టలో పెట్టగానే ఆకలి దానంతట అదే వచ్చింది. పెద్దమ్మ పక్కన కూర్చుని చూస్తూ మురిసిపోయింది. ఆ మురిపెం అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా కసి. ఆ రోజు అమ్మ మళ్ళీ ఏం కావాలని అడిగింది. పెద్దమ్మ ముందు రోజే నాతో అనిపించి పెట్టింది. బొంత కావాలన్నాను.

మా బొంత చనిపోయిన మా జేజి, నాయన వాళ్ళ అమ్మ, కుట్టింది. పాత చీరల మధ్య మగ్గం కొసల్లో మిగిలే పోగులు పరిచి కుట్టడం వల్ల మెత్తగా, బరువుగా ఉండేది. ఎన్నిసార్లు ఉతికినా గంజి వాసన పోయేది కాదు. మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు వీధిలో గంజి పెట్టేటప్పుడు వచ్చే వాసన అది. అమ్మ దాన్ని చుట్టచుట్టి, చంకలో తమ్ముడు, తల మీద బొంతతో వచ్చింది. అమ్మ బస్సెక్కి వెళ్ళిపోయాక ఆ మధ్యాహ్నం నేను బొంతలో మొహం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ ఎదుట కాదు కదా, పాలు ఇంకవు. లేచి చూస్తే బొంత ఒక మూల తడిసిపోయి ఉంది. పెద్దమ్మ చూసింది. ఎందుకేడ్చావని అడగలేదు. తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేసింది. నన్ను ఊరడించకపోవడం అప్పుడు నాకు మంచిగానే తోచింది. పెద్దదాన్నయ్యాననుకుందని సంబరపడ్డాను.

అలా అలా ఆ ఇల్లు నాకు అలవాటైపోయింది. ఈ మాట ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు కానీ అబద్ధం చెప్పలేను. నా గిన్నెలో తిని, నా బొంత మీద కూర్చుంటే ప్రెస్సు కూత కూడా మా వీధి చప్పుడులాగే వినిపించేది. కొన్ని రోజులు నేను దినాలు లెక్కపెట్టడం కూడా మరిచిపోయాను. అది తలచుకుంటే ఆ సత్తు గిన్నె మీద ఇప్పటికీ కోపం వస్తుంది. నోరులేని గిన్నె మీద కోపమేమిటని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

దసరా వెళ్ళాక పెద్దమ్మే అంది, "ఊరికే కూకుంటే నీకేం తోస్తాది, రాట్నం తెప్పిచ్చుకోరాదా" అని. నేను ఉలిక్కిపడ్డాను. మగ్గం సామాను మా ఇంటి గడప దాటదు. పక్కింటివాళ్ళు ఒక్క పూటకు ఖాళీ కండె పుల్ల అడిగినా నాయన ఇచ్చేవాడు కాదు. అడిగినా వాళ్ళు తేరు, ఇంత మాత్రం నాకు తెలియదా అనుకున్నాను. అయినా అమ్మ వచ్చినప్పుడు అడిగేశాను, పెద్దమ్మ కళ్ళతో సైగ చేస్తుంటే. అమ్మ తమ్ముణ్ణి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "మీ నాయన్ను అడిగి సెప్తా" అంది.

రాట్నం వచ్చింది! బస్సు టాపు మీద కట్టేసి తెచ్చారు. అమ్మతో పాటు నాయన రాలేదు. చక్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దసరాకు పెట్టినవి చెరగలేదనుకున్నాను. ఇంట్లోంచి బిడ్డను అత్తారింటికి పంపేటప్పుడు వెంట ఇచ్చే సామానుకు అలా పెడతారని నాకు తెలుసు, తెలిసీ తోచలేదు.

ప్రెస్సు పనివాళ్ళ ఇంట్లో రాట్నం చూసి చుట్టుపక్కల వాళ్ళు వచ్చి నవ్వారు. నిజమే, ఆ ఇంట్లో మగ్గం లేదు, నూలు లేదు, కండెలు ఎవరికి చుట్టాలి? నేను ఉత్త చక్రాన్నే తిప్పాను. కదురు దగ్గర మా ఇంట్లో వచ్చే కీచు చప్పుడే వచ్చింది. ఆ చప్పుడు వినగానే నాకు ఎంత ఆనందం కలిగిందంటే, అమ్మను సంతోషపెట్టాలని, నా మనసులో ఉన్నదాన్ని అలాగే చెప్పేశాను.

"ఇది తిప్పుతాంటే మనింట్లో ఉన్నట్లే ఉందమ్మా!"

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ లేచి వెళ్ళి గడపలో పత్తి పీచు ఊడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాల్సిన అమ్మ ముందు బస్సుకే లేచింది. వెళ్తూ నా తల మీద చెయ్యి పెట్టి తీసేసింది.

చలికాలంలో ఎమ్మిగనూరు జాతర. పెద్దనాయన నన్ను తీసుకెళ్ళాడు. వీధి మొదట్లోనే నాయన మగ్గం చప్పుడు వినపడి పరుగెత్తాను. నేను గడపలో కాలు పెట్టబోతుంటే అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"కాళ్ళు కడుక్కో పాపా."

చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఇంట్లో కాళ్ళకు నీళ్ళు చేతికిచ్చేది చుట్టాలకు. ఇంటివాళ్ళు పెరట్లోకి వెళ్ళి తొట్టిలో ముంచుకుంటారు. నేనెప్పుడూ ముంచుకునే దాన్నే. పెద్దనాయన కడుక్కున్నాడని నేనూ కడుక్కున్నాను. లోపల నాయన మగ్గం ఆపి, కూర్చుని నేసే గుంతలోంచి తల ఎత్తి చూశాడు.

"ఎప్పుడొచ్చినావమ్మా? మీ ఇంట్లో అందరూ బాగుండారా?"

మీ ఇంట్లో అన్నాడు. నన్నెప్పుడూ ఏమే అని పిలిచే మనిషి, చుట్టాన్ని పలకరించినట్టు అమ్మా అన్నాడు. ఇల్లంతా కలియజూశాను. గూట్లో నా గిన్నె చోటు ఖాళీ. దండెం మీద బొంత లేదు. రాట్నం ఉండే మూల తమ్ముడికి చీర ఉయ్యాల కట్టి ఉంది. ఆ ఇంట్లో నాది అన్న వస్తువు ఒక్కటీ మిగల్లేదు. అన్నీ నేనే అడిగి తెప్పించుకున్నాను.

రెండు రోజులు జాతర చూశాను. గాజులు వేయించారు, మిఠాయి కొనిపెట్టారు, భోజనానికి నాకే ముందు విస్తరి వేశారు. ఏ పని ముట్టుకోబోయినా "నువ్వు కూకో" అనేవారు. నేను మాత్రం తమ్ముణ్ణే కనిపెట్టుకుని ఉన్నాను. వాడు కూర్చుంటున్నాడు. అమ్మ వాడి నోట్లో వేలితో రాగి జావ పెడుతోంది. వాడు మూతి చప్పరించి ఇంకా కావాలని చేతులాడిస్తున్నాడు. మూడో రోజు పొద్దున అమ్మ నాకు బొట్టు పెట్టి, కొత్త జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. నాయనా పెద్దనాయనా బయట అరుగు మీద మాట్లాడుకుంటున్నారు. ఇక అడగవచ్చు అనుకున్నాను.

"అమ్మా, తమ్ముడు జావ తాగుతాండాడు గదా. ఇంగ నేను ఇంటికి వచ్చేసేదా?"

"జావకూ దానికీ ఏం సంబంధమే?"

"ఇంగ నీ పాలు ఇంకిపోయినా వాడు సచ్చిపోడు గదా."

అమ్మకు మొదట అర్థం కాలేదు. ఒక్కొక్కటే అడిగి, నా నోటితోనే అంతా చెప్పించింది. పెరడు, జడ, పాలు, ఏడవకూడదన్న మాట, వస్తువులు అడగమన్న మాట. వింటూ వింటూ ఉన్నచోటే కూలబడింది.

"మీ పెద్దమ్మ నిన్ను సాక్కుంటానని అడిగింది పాపా. నువ్వు పోకముందే అడిగింది. మీ నాయన ఒకటే మాటన్నాడు. జాతర దాంక సూద్దాం, పాప ఒక్కసారి ఏడిసి ఇంటికొస్తానంటే తెచ్చుకుంటాం, లేకుంటే నీ బిడ్డే అన్నాడు. నేను వచ్చినప్పుడల్లా నువ్వు ఏడుస్తావేమోనని సూసినా. నువ్వు ఏడవకపోతివి. గిన్నె అడిగితివి, బొంత అడిగితివి. రాట్నం అడిగినావని సెప్పిన దినం మీ నాయన మగ్గంలోకి దిగలేదు. నిన్న పెద్దమనుషుల ముందర మీ పెద్దనాయనకు తాంబూలం ఇచ్చేసినాము."

నేను చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డ మడత విప్పి మళ్ళీ పెట్టాను.

"ఇప్పుడైనా మించిపోలేదు. మీ నాయన ముందర ఒక్కసారి ఏడ్సు. ఒక్కసారి. ఆ తాంబూలం సంగతి నేను సూసుకుంటా."

ఏడిస్తే చాలు. ఏడు నెలలు దాచిపెట్టుకున్న ఏడుపు, ఎక్కడికి పోతుంది? కానీ రాలేదు. దాని బదులు కోపం వచ్చింది. ఆ వయసు పిల్లకు అంత కోపం ఉంటుందని ఎవరూ అనుకోరు. పెద్దమ్మ మోసం చేసింది, సరే. ఆమెకు బిడ్డ కావాలి, చేసింది. వీళ్ళకేమైంది? నా ఏడుపు మీద పందెం కట్టి, ఆ సంగతి నాకే చెప్పకుండా, నెల నెలా వచ్చి నా మొహం చూసి పోయారు. వాళ్ళకు నేను కావాలంటే ఏడవకపోయినా తీసుకెళ్ళాలి కదా. అడిగిన వస్తువు తెచ్చిచ్చిన చేతులు, అడగకుండా నన్ను ఎందుకు ఎత్తుకోలేదు?

నాయన గడపలోకి వచ్చాడు. ఆయన మొహం కూడా ఏదో ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"ఏమ్మా, పోయొస్తావా?"

"పోతా" అన్నాను.

ఇంట్లోంచి వెళ్తూ ఆ మాట ఎవరూ అనరు. పోయొస్తా అనాలి. అనకపోతే తిరిగి రామని. నాయన మొహంలో రంగు పోయింది. వెనక్కి తిరిగి మగ్గం గుంతలోకి దిగిపోయాడు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గడపలోనే నిలబడింది. పెద్దనాయన ఏమీ తెలియక నా మూట చంకన పెట్టుకుని, బస్సుకు టైమైందని తొందరపెట్టాడు. నేను వీధి మలుపు తిరిగేదాకా మగ్గం మోగలేదు.

ఆ తర్వాత అమ్మ ఆ సంగతి నాయనతో చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే వచ్చి తీసుకెళ్ళేవాడని కొన్నేళ్ళు అనుకున్నాను. చెప్పినా రాలేదేమోనని మరికొన్నేళ్ళు అనుకున్నాను. వాళ్ళిద్దరూ పోయేదాకా నేను అడగలేదు. నేను అడిగేది లేదు, ఇక దేన్నీ.

ఆదోనిలో బస్సు దిగేసరికి పెద్దమ్మ ఎదురొచ్చి నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందని సోడా బండి అతను పెద్దనాయనతో అన్నాడు. తిన్నావా అని అడగలేదు, జాతర బాగుందా అని అడగలేదు. నా భుజాలు పట్టుకుని వంగి, చెవి దగ్గర అడిగింది.

"ఏడ్సినావా?"

"లేదు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలి నన్ను పొట్టకు అదుముకుంది. ఆమె గుండె దడదడ కొట్టుకోవడం నా చెంపకు తెలిసింది. ఇంటికి నడుస్తూ దారిలో అంది, "ఇంగ నన్ను అమ్మా అని పిలవాల పాపా" అని. నేను తల ఊపలేదు, కాదనలేదు.

ఆమె నన్ను బాగానే పెంచింది. బడికి పంపింది, ఊరు మెచ్చేలా పెళ్ళి చేసింది, నా కాన్పులన్నీ తనే చేసింది. నాకు జ్వరం వస్తే తను అన్నం మానేసేది. ఆఖరికి మా ఇంట్లోనే మంచం పట్టింది. నెల రోజులు నేనే ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించాను. పోయే ముందు రోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఒక్కసారి పిలవవే" అంది. దేని గురించి అడుగుతోందో నాకు తెలుసు. ఆమెకూ నాకు తెలుసని తెలుసు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తల ఎత్తి పట్టుకుని, గ్లాసు నోటికి ఆనించాను.

"తాగు పెద్దమ్మా" అన్నాను.